నాయినకు కరెంటు (రేడియేషన్) పెడుతున్నారు: బంగారు నానో మందు నిజమేనా, పెరిగిన డోసును ఎట్లా కొలుస్తారు?

చందంపేట_రైతుబిడ్డ (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది దేవరకొండ పక్కన చందంపేట మండలం. మా నాయినకు 58 ఏండ్లు. చాలా ఏండ్లు అంబర్ పొగాకు నమిలాడు, తర్వాత గుట్కాకు మారాడు. పోయిన ఎండాకాలం ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చగా మొదలైన పుండు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి కణితి తీసేశారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో కరెంటు పెడుతున్నారు. 30 సిట్టింగులు, 60 గ్రే (రేడియేషన్ డోసు కొలతట) అని కాగితం మీద ఉంది. వారానికి ఐదు రోజులు. 11 అయిపోయాయి. ఎల్బీనగర్‌లో మేనత్త ఇంట్లో ఉంటున్నాం, శని ఆదివారాలు ఊరికి వచ్చిపోతున్నాం.

మొన్న మా దూరపు చుట్టం ఒకాయన ఒక కరపత్రం పట్టుకొచ్చాడు. "బంగారు నానో మందు" అట. కరెంటు పెట్టే రోజుల్లో తాగితే రేడియేషన్ బలం రెట్టింపు అవుతుందట, 30 సిట్టింగులు అక్కర్లేదు, 15 చాలట. నెలకు 45 వేలు, మూడు నెలలు వాడాలి. ఫోన్ చేస్తే "రెండు వారాలు కరెంటు ఆపి మందు ఒంటికి పట్టనివ్వండి, ఆ తర్వాత మొదలుపెట్టండి" అన్నారు. నేను నమ్మకుండా యూట్యూబ్‌లో వెతికితే, అమెరికాలో ఎలుకలకు బంగారం ఎక్కించి రేడియేషన్ ఇస్తే చాలా వరకు బతికాయని నిజంగానే ఉంది. దాంతో నాకు ఎటూ తోచడం లేదు. అమ్మ పుస్తెలతాడు కుదువ పెడదామంటోంది.

ఇంకో సంగతి. మా పక్కన చిత్రియాల గుట్టల్లో, అటు లంబాపూర్, పెద్దగట్టు వైపు యురేనియం ఉందని, తవ్వొద్దని జనం ఏండ్ల తరబడి కొట్లాడారు. నాయిన కూడా మీటింగులకు పోయాడు. "రేడియేషన్ వద్దని కొట్లాడినోళ్లం, ఇప్పుడు దాన్నే ఒంట్లకు ఎక్కిస్తున్నవ్ గదరా" అంటాడు. పైగా బలం రెట్టింపు అంటే ఇంకా భయపడుతున్నాడు. ఆ పెరిగిన డోసు ఎంత అని ఎవరైనా కొలుస్తారా? కొలవకుండానే ఇస్తారా? తెలిసినవాళ్లు చెప్పండి. సోమవారం పొద్దున బస్సు ఎక్కాలా వద్దా అన్నది ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న పంచాయితీ.

కల్వకుర్తి_పద్మం

అన్నా, మా అమ్మకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ వచ్చినప్పుడు మేమూ ఇట్లాంటి పొడి కొన్నాం. ఎవరి దగ్గర అన్నది ఇక్కడ రాయను. తొమ్మిది రోజులు కరెంటు ఆపాం. మళ్లీ పోతే డాక్టరమ్మ చాలా బాధపడింది, లెక్క మళ్లీ వేసి సిట్టింగులు పెంచాల్సి వచ్చింది. అమ్మ ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ తొమ్మిది రోజులు గుర్తొస్తే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. మీరు ఆపకండి.

జడ్చర్ల_ఫిజిక్స్_అక్క

తమ్ముడూ, సోమవారం బస్సు ఎక్కండి. మిగతాదంతా నిదానంగా మాట్లాడుకుందాం, ఈ ఒక్క మాట మాత్రం ఈ రాత్రికే అమ్మకూ నాయినకూ చెప్పు.

మాది జడ్చర్ల. పద్నాలుగేండ్లుగా హైదరాబాద్‌లో రేడియేషన్ విభాగంలో మెడికల్ ఫిజిసిస్ట్‌గా పనిచేస్తున్నాను. డాక్టర్ రాసిన డోసు మెషీన్ నుంచి అంతే వస్తోందా, రాసిన చోటే పడుతోందా అని చూసుకునే పని. మీ నాయిన ఫైలు నేను చూడలేదు కాబట్టి ఆయన జబ్బు గురించి ఏమీ చెప్పను. అది మీ డాక్టర్‌నే అడగాలి. బంగారం గురించి, డోసు గురించి మాత్రం చెప్పగలను.

ముందు ఆపడం గురించి. నోటి క్యాన్సర్ కణాలు మూడు నాలుగు వారాలు దెబ్బ తిన్నాక, మిగిలినవి తొందర తొందరగా పెరగడం మొదలుపెడతాయి. అందుకే మొత్తం చికిత్స ఎన్ని రోజుల్లో ముగిసిందన్నది, మొత్తం డోసు ఎంత అన్నంత ముఖ్యం. తల, మెడ క్యాన్సర్లలో చికిత్స ఒక్కో రోజు సాగినకొద్దీ జబ్బు అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం, అంతకు కొంచెం ఎక్కువే తగ్గుతుందని రోగుల లెక్కల్లో తేలింది. రెండు వారాలు ఆపమన్న మనిషికి ఈ లెక్క తెలియదు, లేదా తెలిసీ చెప్పాడు.

ఇక బంగారం. మా తాత నారాయణపేటలో అవుసలి పని చేసేవాడు. అరచేతిలో పట్టేంత తక్కెడ, ఒక డబ్బాలో గురిగింజలు. బంగారం మాట ఎవరు ఎత్తినా "ముందు తూకం చెప్పు" అనేవాడు. నీ ప్రశ్నకు కూడా జవాబు తూకంతోనే మొదలుపెడతాను.

నువ్వు వీడియోలో చూసింది అబద్ధం కాదు. 2004లో అమెరికాలో హైన్‌ఫెల్డ్, ఆయన తోటివాళ్లు కలిసి చేసిన ప్రయోగం అది. రొమ్ము కణితి ఉన్న ఎలుకల రక్తంలోకి 1.9 నానోమీటర్ల, అంటే కంటికి కనపడనంత సన్న, బంగారు రేణువులు ఎక్కించి, నిమిషాల్లోనే 250 కిలోవోల్టుల ఎక్స్‌కిరణాలు ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే, బంగారం, కిరణాలు రెండూ అందుకున్నవాటిలో 86 శాతం బతికి ఉన్నాయి. కిరణాలు మాత్రమే అందుకున్నవి 20 శాతం. బంగారం మాత్రమే ఎక్కించినవాటిలో ఒక్కటీ మిగల్లేదు. ఈ చివరి మాట చూడు. కిరణం లేకుండా బంగారం ఒక్కటే ఏమీ చేయలేదు, అందుకే కరెంటు ఆపి మందు తాగమనడం ఆ ప్రయోగానికి కూడా అడ్డం పడే మాట.

తూకానికి వస్తే, ఆ ఎలుకలకు కిలో బరువుకు 2.7 గ్రాముల బంగారం ఎక్కించారు. మీ నాయిన బరువు 50 కిలోలు అనుకుంటే 135 గ్రాములు. తులం పది గ్రాముల లెక్కన పదమూడున్నర తులాలు. అదీ ఒక్కసారే, నేరుగా రక్తనాళంలోకి. నెలకు 45 వేలకు ఇప్పుడు ఒక్క తులం కూడా రాదు, నీకు తెలుసు. ఆ సీసాలో ఎంత బంగారం ఉందో వాళ్లనే అడుగు. ఉన్నా తాగితే అది పేగులు దాటి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. రక్తంలోకి సూదితో ఎక్కించిన రేణువులనే కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి, కణితికి చేరేది కొసరు. స్వర్ణభస్మం గురించి కూడా ఎవరైనా చెప్తారు, దానికీ ఇదే జవాబు.

రెండో సంగతి ఇంకా పెద్దది. కిరణాల బలం అంతా ఒక్కలా ఉండదు. బంగారం పరమాణు సంఖ్య 79, మన కండలో ఎక్కువగా ఉండేవి హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్ లాంటి తేలిక పరమాణువులు. తక్కువ శక్తి ఎక్స్‌కిరణం, అంటే 40 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ఒక గ్రాము బంగారం ఒక గ్రాము కండకన్నా నూరు రెట్ల పైనే శక్తిని పీల్చుకుంటుంది. పీల్చుకుని, లోపలి కక్ష్యల నుంచి ఎలక్ట్రాన్లను చుట్టూ చిమ్ముతుంది. ఆ ఎలక్ట్రాన్లే పక్కనున్న కణాలను కొడతాయి. బంగారంతో డోసు పెరుగుతుందన్న ఆలోచనకు మూలం ఇదే. కానీ మీ నాయినకు ఇస్తున్నది లీనాక్ అనే రేడియేషన్ మెషీన్ నుంచి, చాలా వరకు 6 మెగావోల్టుల కిరణం అయి ఉంటుంది. అంత శక్తి దగ్గర గ్రాము బంగారం, గ్రాము కండ దాదాపు సమానంగానే పీల్చుకుంటాయి. 2005లో కంప్యూటర్ మీద వేసిన లెక్క ఒకటుంది. కణితిలో గ్రాముకు 7 మిల్లీగ్రాముల బంగారం ఉంటే, 140 కిలోవోల్టుల కిరణంతో డోసు రెట్టింపు అయింది. అదే 6 మెగావోల్టులతో పెరిగింది కొద్ది శాతమే.

మరి తక్కువ శక్తి కిరణమే వాడొచ్చు కదా అంటావు. అది లోతుకు పోదు. ఎక్కువ భాగం చర్మం మీద, ఎముకలో దిగిపోతుంది. పాతకాలంలో ఆ మెషీన్లతో ఇచ్చినప్పుడు చర్మం కాలిపోయేది, అందుకే వాటిని వదిలి కోబాల్ట్ మెషీన్లకు, తర్వాత లీనాక్‌కు వచ్చాం. గర్భసంచి క్యాన్సర్‌కు లోపల పెట్టే ఇరిడియం మూలం శక్తి ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, అక్కడ నానో రేణువులకు కొంత ఎక్కువ వీలుంది.

మనుషుల మీద నిజంగా నడిచినవి రెండు చెప్తాను. ఒకటి హాఫ్నియం ఆక్సైడ్ రేణువులు, ఫ్రాన్స్ వాళ్లవి. హాఫ్నియం పరమాణు సంఖ్య 72. కండల్లో వచ్చే సార్కోమా అనే క్యాన్సర్ ఉన్న 180 మందిని రెండు జట్లు చేసి చూశారు. రెండు జట్లకూ అదే 50 గ్రే రేడియేషన్, ఒక జట్టుకు మాత్రం ముందుగా కణితిలోకి నేరుగా రేణువుల సూది. ఆపరేషన్‌లో తీసి చూస్తే కణితి దాదాపు పూర్తిగా చచ్చిపోయినవాళ్లు సూది తీసుకున్న జట్టులో 16 శాతం, తీసుకోని జట్టులో 8 శాతం. 2019లో ఐరోపాలో అనుమతి వచ్చింది. రెండోది గాడోలినియం రేణువులు, ఇవీ ఫ్రాన్స్‌వే, మెదడుకు పాకిన క్యాన్సర్ ఉన్న 15 మందితో మొదటి దశ పరీక్ష చేశారు.

ఇందులో మీకు పనికొచ్చే మాట ఏంటంటే, సార్కోమా పరీక్షలో ఎవరికీ సిట్టింగులు సగం చేయలేదు. ఇంకోటి, హాఫ్నియం సూది గుచ్చేది కణితిలోకి. మీ నాయినకు కణితి తీసేశారు, గుచ్చడానికి అక్కడ కణితే లేదు. ఇప్పుడు ఇస్తున్న రేడియేషన్ కంటికి కనిపించకుండా మిగిలిన కణాల కోసం.

అమ్మ పుస్తెలతాడు మెడలోనే ఉండనివ్వు. ఎప్పుడైనా ఎవరైనా ఇది "ట్రయల్" అంటే, దేశంలో జరిగే ప్రతి ట్రయల్ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, ఎవరైనా వెతుక్కోవచ్చు. పరీక్షలో ఉన్న మందుకు రోగి దగ్గర నెలకు 45 వేలు వసూలు చేయడం పద్ధతి కాదు.

చివరగా నేను ఒకటి అడగాలి. నాయిన నోట్లో బంగారు తొడుగు, లేదా ఏదైనా లోహం నింపిన పన్ను ఉందా? ఉంటే దాని పక్కన బుగ్గకో నాలుకకో పుండు ఎక్కువగా ఉందా? చూసి చెప్పు. ఊరికే అడగడం లేదు.

చందంపేట_రైతుబిడ్డ

అక్కా, మీరు రాసింది అమ్మకు మొత్తం చదివి వినిపించాను. పదమూడున్నర తులాల దగ్గర మళ్లీ చదవమంది. సోమవారం పోతున్నాం. కరపత్రం తెచ్చిన చుట్టానికి ఫోన్ చేసి సీసాలో బంగారం ఎంత ఉందో అడిగాను, "అది వాళ్ల ఫార్ములా" అన్నాడు.

నోరు తెరిపించి టార్చి వేసి చూశాను. పై వరసలో ఎడమ వైపు, కోరపన్ను వెనక బంగారు తొడుగు ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది, ఎప్పుడూ పట్టించుకోలేదు. దానికి ఆనుకునే నాలుక అంచున తెల్లగా పొర కట్టిన పుండు ఉంది, ఆ పన్ను వెడల్పంతే. మిగతా నోరు ఎర్రగా ఉంది గానీ అంత లేదు. అన్నం తినేటప్పుడు అక్కడే మంట అంటాడు. ఇది బంగారం వల్లనా? మీరు నానో బంగారంతో ఏమీ కాదన్నారు, మరి పన్నుతో ఎట్లా అవుతుంది?

అట్లాగే కొలవడం గురించి, యురేనియం గురించి చెప్పలేదు. నాయిన మళ్లీ అడిగాడు.

జడ్చర్ల_ఫిజిక్స్_అక్క

టార్చి వేసి చూసి మంచి పని చేశావు. ఆ పుండు తొడుగు వల్లనే అని ఇక్కడి నుంచి నేను ఖాయంగా చెప్పలేను, రేడియేషన్‌తో నోరు మామూలుగానే పుండు పడుతుంది. అయినా నువ్వు చెప్పిన తీరు చూస్తే అడగాల్సిన సంగతే. సోమవారం సిట్టింగు ముందే డాక్టర్‌కు, అక్కడి ఫిజిసిస్ట్‌కు చూపించు. స్కాన్‌లో పన్ను దగ్గర తెల్లటి గీతలుగా లోహం కనిపిస్తుంది కాబట్టి వాళ్ల దృష్టిలో ఉండే ఉంటుంది. అయినా చెప్పు.

పన్నుకూ నానోకూ తేడా తూకంలోనే ఉంది. తొడుగు అంటే ఒకేచోట గట్టిగా ఉన్న గ్రాముల బంగారం. కిరణం దాన్ని తాకినప్పుడు బరువైన పరమాణువులు ఎలక్ట్రాన్లను వెనక్కి చిమ్ముతాయి, మెగావోల్టుల దగ్గర కూడా. తొడుగుకు ఆనుకున్న చర్మానికి చెప్పుకోదగ్గంత ఎక్కువ డోసు పడుతుంది. కానీ ఆ ఎలక్ట్రాన్లు ఎక్కువ దూరం పోవు, మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటేసరికి ఆ ఎక్కువ అంతా తగ్గిపోతుంది. అందుకే దీనికి విరుగుడు చాలా సులువు. పన్నుకూ నాలుకకూ మధ్య మూడు మిల్లీమీటర్ల పైన మందం ఉండే మెత్తటి అడ్డు తొడుగు పెట్టాలి, డెంటల్ వాళ్లు అచ్చు తీసి చేస్తారు. సిట్టింగులో తల కదలకుండా మొహానికి మాస్క్ వేసినప్పుడు అది నోట్లో ఎట్లా కూర్చుంటుందో చూసుకోవాలి కాబట్టి సొంతంగా దూది పెట్టే పని చేయకండి, వాళ్లే చేయాలి.

నాయినది అర్థం లేని భయం కాదని ఆయనకు చెప్పు. లంబాపూర్ అయినా అమ్రాబాద్ అయినా జనం భయపడింది ఖనిజపు దుమ్ము, నీళ్ల గురించి. అది ఒంట్లోకి పోతే అక్కడే ఉండి ఏండ్ల తరబడి కిరణాలు ఇస్తూనే ఉంటుంది. 2019లో అసెంబ్లీ కూడా నల్లమలలో యురేనియం వద్దని తీర్మానం చేసింది. లీనాక్ అట్లా కాదు. అది కరెంటు మీద నడిచే మెషీన్. స్టార్టర్ బంద్ చేస్తే బోరు నీళ్లు ఆగిపోయినట్టు, బటన్ ఆపిన క్షణాన కిరణం ఉండదు. ఒంట్లో ఏమీ మిగలదు. ఇంటికొచ్చి మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఒక సిట్టింగులో 2 గ్రే అంటే కిలో కండకు 2 జౌళ్ల శక్తి. దాంతో నీళ్లు వేడెక్కితే ఒక డిగ్రీలో వెయ్యో వంతులో సగం కూడా ఉండదు. అందుకే ఆయనకు లోపల ఏమీ తెలియదు. పని చేసేది వేడి కాదు, కణం లోపలి డీఎన్ఏ తెగడం.

ఇక కొలవడం. ఇది నా రోజువారీ పని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

పొద్దున రోగులు రాకముందే మెషీన్ కింద పరీక్ష పెడతాం. చిటికెన వేలి కొసంత గది ఉంటుంది, లోపల 0.6 ఘన సెంటీమీటర్ల గాలి. దాన్ని అయాన్ చాంబర్ అంటాం. కిరణం పడితే ఆ గాలిలో పుట్టే విద్యుదావేశాన్ని కొలిచి డోసు లెక్క కడతాం. గాలి పలచబడితే ఆవేశం తగ్గుతుంది, అందుకే గోడ మీద పీడనమాపకం, పక్కన థర్మామీటర్ చూసి లెక్క సరిచేయాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, పీడనం 950 మిల్లీబార్ల దగ్గర ఉంటుంది. సముద్రమట్టం దగ్గర 1013. ఆ ఒక్క తేడాతోనే లెక్క ఆరు ఏడు శాతం మారుతుంది.

నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒకసారి పీడనమాపకం రిపేరుకు పోయి, ఫోన్‌లో వాతావరణం చూసి 1011 అని వేశాను. డోసు ఆరు శాతం తక్కువ వస్తోందని తేలింది. మెషీన్‌ను సరిచేద్దామని నేను అనుకుంటుండగా మా సీనియర్ సార్ నా కాగితం చూసి ఆపారు. ఫోన్‌లో చూపించేది సముద్రమట్టానికి సరిచేసి వేసే అంకె. మా గదిలో ఉన్న గాలిది కాదు. ఆ అంకెను నమ్మి మెషీన్ పెంచి ఉంటే ఆ రోజు వచ్చిన ప్రతి మనిషికీ ఆరు శాతం ఎక్కువ పోయేది. నా పనిలో ఐదు శాతం లోపల నిలబడాలన్నది నియమం. అందుకే "డోసు రెట్టింపు" అని కరపత్రం మీద అచ్చు వేసినవాళ్ల మీద నాకు అంత కోపం.

ఇప్పుడు నానో రేణువు పెంచిన డోసును ఇదే చాంబర్‌తో కొలవగలమా అంటే, కొలవలేం. మన మండల ఆఫీసులో వానకొలత పెట్టె ఉంటుంది కదా. అందులో రెండు సెంటీమీటర్లు అని వస్తుంది. కానీ మీ ఇంటి చూరు కింద నీళ్లు ధారగా పడి గుంట పడుతుంది. పెట్టెకు ఆ గుంట తెలియదు. రేణువు చుట్టూ డోసు కూడా అట్లాంటిదే. రేణువు నుంచి వచ్చే ఎలక్ట్రాన్లలో చాలా వరకు నానోమీటర్ల నుంచి కొద్ది మైక్రోమీటర్ల దూరంలోనే ఆగిపోతాయి. అంత దగ్గర డోసు విపరీతంగా ఉంటుంది, కాస్త జరిగితే ఏమీ ఉండదు. చాంబర్ సెంటీమీటర్ల లెక్కది. డోసు పడితే రంగు మారే ఫిల్మ్ ఉంటుంది, అది ఇంకా సన్నగా చూస్తుంది, అయినా చూరు కింది గుంట దానికీ అందదు. అందుకే అక్కడ ఒక్కో ఎలక్ట్రాన్ ఎటు పోయింది, ఎక్కడ ఆగింది అని కంప్యూటర్‌లో లక్షల సార్లు పాచిక వేసినట్టు వేసి లెక్క కడతారు. దాన్నే మాంటే కార్లో అంటారు.

అక్కడితో అయిపోలేదు. ల్యాబుల్లో బంగారం కలిపిన కణాలకు మెగావోల్టుల కిరణం ఇచ్చి చూస్తే, భౌతికశాస్త్రం లెక్క చెప్పినదానికన్నా ఎక్కువ కణాలు చచ్చిపోయాయి. డోసు ఒక శాతం పెరిగిందని లెక్క చెప్తుంటే దెబ్బ దానికి ఎన్నో రెట్లు కనిపించింది. రేణువు కణం లోపల ఆక్సిజన్ రసాయనాన్ని కదిలిస్తుందని, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బ తీస్తుందని, బాగుచేసుకునే శక్తిని తగ్గిస్తుందని పరిశోధకులు చూస్తున్నారు. అంటే గ్రే అనే ఒక్క కొలతతో ఇది పట్టుబడదు. ఇంకో చిక్కు, ఏ మూలకు ఎంత లోహం చేరిందో తెలియకుండా ఏ లెక్కా నిలవదు. గాడోలినియానికి ఆ సుఖం ఉంది, అది ఎంఆర్ఐలో కనిపిస్తుంది. బంగారమైతే కిరణం పడ్డప్పుడు 67, 69 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర తనదైన ఎక్స్‌కిరణాలు విడుస్తుంది, వాటిని పట్టుకుని లెక్కించే పద్ధతుల మీద పని జరుగుతోంది.

ఇది మంచి విద్య, తమ్ముడూ. నేను దీని మీద ఆశ పెట్టుకున్నదాన్ని. అందుకే సీసాలో పోసి అమ్మేవాళ్లను చూస్తే కడుపు మండుతుంది.

నల్లగొండ_ఎమ్మెస్సీ

అక్కా, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను నల్లగొండలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చివరి ఏడాది. ఇదే టాపిక్ మీద ప్రాజెక్టు చేయాలని ఉంది. మా దగ్గర లీనాక్ లేదు. జెల్ డోసిమీటర్ అని చదివాను, దాంతో బంగారం పెంచిన డోసు కొలవొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జడ్చర్ల_ఫిజిక్స్_అక్క

ఏమీ అనుకోను, సంతోషంగా చెప్తాను. జెల్ అంటే జెలటిన్‌లో కొన్ని మోనోమర్లు కలిపి గడ్డ కట్టించింది. కిరణం పడ్డ చోట అవి గొలుసుగా అతుక్కుని, తేటగా ఉన్న జెల్ జున్నులా తెల్లబడుతుంది. ఎంత డోసు పడితే అంత తెలుపు. చాంబర్ ఒక చుక్క దగ్గర చెప్తుంది, ఫిల్మ్ ఒక పలక మీద చెప్తుంది, జెల్ మొత్తం ముద్దలో మూడు వైపులా చెప్తుంది. పైగా బంగారు రేణువులను అందులోనే కలపొచ్చు.

కానీ మూడు జాగ్రత్తలు మర్చిపోకు. ఆక్సిజన్ ఉంటే మోనోమర్లు అతుక్కోవు, జెల్ పాడవుతుంది, దాన్ని పీల్చే రసాయనం కలపాలి. మోనోమర్‌గా వాడే అక్రిలమైడ్ నరాలకు విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. బంగారు నానో ద్రావణం ఎర్రగా ఉంటుంది, 520 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి, కాంతితో చదివితే ఆ ఎరుపు కూడా డోసులా కనిపించి మోసపోతావు. ఎంఆర్ఐతో చదివితే మేలు. ఏ పద్ధతి అయినా, బంగారం ఉండి కిరణం పడని సీసా ఒకటి పక్కన తప్పకుండా పెట్టు.

లీనాక్ లేకపోయినా ఆగాల్సిన పని లేదు. జియాంట్4-డీఎన్ఏ (Geant4-DNA) అనే మాంటే కార్లో ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది, మామూలు కంప్యూటర్ మీద నడుస్తుంది. నీళ్లలో ఒకే ఒక్క బంగారు రేణువు పెట్టి, 40 కిలో ఎలక్ట్రాన్ వోల్టులతో ఒకసారి, 2 మెగా ఎలక్ట్రాన్ వోల్టులతో ఒకసారి నడిపించి చూడు. రేణువు పక్కన డోసు ఎంత, ఒక మైక్రోమీటర్ దూరంలో ఎంత అని గీత గీయి. ఆ గీత చేతిలో ఉంటే హైదరాబాద్‌లో ఏ విభాగం తలుపు తట్టినా నిన్ను లోపలికి రానిస్తారు. నాకు మెసేజ్ పెట్టు, ఫిల్మ్ ముక్కలు ఎట్లా స్కాన్ చేయాలో చూపిస్తాను.

చందంపేట_రైతుబిడ్డ (తొమ్మిది రోజుల తర్వాత)

అక్కా, పద్మం చెల్లీ, అందరికీ చెప్పాలని వచ్చాను. సోమవారం సిట్టింగు ముందే పన్ను సంగతి చెప్పాను. డాక్టర్ సార్ చూసి, అక్కడి ఫిజిక్స్ మేడమ్‌ను పిలిచారు. ఆమె స్కాన్ తెరిచి చూపించింది, మీరు చెప్పినట్టే పన్ను దగ్గర నక్షత్రంలా తెల్లటి గీతలు. మొదట్లో పళ్ల డాక్టర్ చూసి తొడుగు గట్టిగా ఉంది, తీస్తే పుండు మానడానికి రోజులు పోతాయని ఉంచేశారట. మరుసటి రోజే అచ్చు తీసుకున్నారు. గులాబీ రంగు మెత్తటి తొడుగు, చిటికెన వేలంత. సిట్టింగు అప్పుడు పెట్టుకుని అయిపోగానే తీసేయాలి. దాంతో మాస్క్ సరిపోతుందా అని మళ్లీ ఒకసారి స్కాన్ తీశారు. మాస్క్ కొంచెం వదులైందని కూడా అప్పుడే తెలిసింది, నాయిన మూడు కిలోలు తగ్గాడు. కొత్త మాస్క్ చేశారు. వేడి నీళ్లలో ముంచి మెత్తగా అయిన పలకను మొహం మీద అదిమినప్పుడు నేను గాజు ఇవతలి నుంచి చూశాను.

ఒక్క సిట్టింగు కూడా పోలేదు. ఇప్పటికి 18 అయ్యాయి. నాలుక మీద పుండు పూర్తిగా మానలేదు గానీ పొర తగ్గింది, మంట తగ్గింది అంటున్నాడు. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో రోజుకు ఆరుసార్లు పుక్కిలిస్తున్నాడు. కారం మానేశాడు. మేనత్త జొన్న అంబలి, గుడ్డు మెత్తగా చేసి పెడుతోంది.

బోరు స్టార్టర్ మాట నాయినకు బాగా నచ్చింది. మొన్న కరెంటు గది నుంచి బయటికి వచ్చి, కూర్చున్న ఇంకో పెద్దాయనకు తనే చెప్పాడు: "బంద్ చేస్తే ఇంకేం ఉండదన్నా, దుమ్ము కాదు ఇది." ఆ పెద్దాయన చేతిలో కూడా అదే కరపత్రం ఉంది. నాయిన దాన్ని అడిగి తీసుకుని నా చేతికి ఇచ్చాడు, అక్కకు చూపించమని. ఫోటో కింద పెడుతున్నాను, ఫోన్ నంబర్ కనపడకుండా కొట్టేశాను.